ఎదుట ఉన్నవాళ్లు

కోంట దగ్గర శబరి దాటితే బస్తర్. ఇవతలి ఒడ్డు ఒకప్పటి భద్రాచలం తాలూకా. రెండు ఒడ్లా కోయ, దోర్ల గూడేలే. చుట్టరికాలు నదిని లెక్కచేసినట్టు కనిపించవు. ఈ సరిహద్దుకు ఆనుకున్న అడవుల్లో జరిగిన ఆత్మహత్యల మీద 1943లోనే ఒక పుస్తకం వచ్చింది. పేరు 'మారియా మర్డర్ అండ్ సూయిసైడ్', రాసింది వెరియర్ ఎల్విన్. ఆక్స్‌ఫర్డ్‌లో చదువుకొని, క్రైస్తవ మతసేవకుడిగా 1927లో ఈ దేశానికి వచ్చి, కొంతకాలం గాంధీ బాటన నడిచి, చివరికి గోండుల మధ్య స్థిరపడిన మనిషి. 1940ల మొదట్లో బస్తర్ సంస్థానంలో గౌరవ హోదాలో జాతుల అధ్యయనం చేస్తూ అక్కడి పాత కేసుల ఫైళ్లు తిరగేశాడు. నూరు హత్య కేసులు, యాభై ఆత్మహత్య కేసులు ఎంచుకొని, ఒక్కో మరణం వెనుక ఏముందో తేల్చడానికి పూనుకున్నాడు.

ఆ పని విలువ తక్కువది కాదు. కొండజాతుల వాళ్లు పుట్టుకతోనే హింసాత్మకులన్న దొరల నమ్మకాన్ని ఒక్కో కేసూ చదివి పరీక్షించిన పుస్తకం అది. అయితే ఎల్విన్ చేతికి వచ్చిన ప్రతి మరణమూ ముందుగా ఒక పోలీసు కాగితం. గుడిసెలో ఎవరున్నారు, ఎవరు పరుగెత్తుకొచ్చారు, ఎవరు కేక వేశారు అన్న సంగతులు ఆ కాగితంలోకి ఎక్కినంత మేరకే ఆయనకు తెలుస్తాయి. అవి ఎక్కేది కూడా చచ్చిపోయిన మనిషి సంగతి తేల్చడానికే. ఆ రాత్రి కళ్లారా చూసిన తమ్ముడో భార్యో ఆ తర్వాత ఎలా బతికారన్నది ఫైలు అడిగే ప్రశ్న కాదు. అయినా ఈ అడవి సరిహద్దులో ఆత్మహత్యను చూసినవాళ్ల చరిత్ర రాయాలంటే ఆస్పత్రి రికార్డుల కంటే ముందు ఠాణా రికార్డుల దగ్గర మొదలుపెట్టాలి.

శవ పంచనామా చట్టం మొదట ఎవరు రాశారో గాని, అందులో ఒక విచిత్రం ఉంది. 1898 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 174వ సెక్షన్, 1973 కోడ్‌లోనూ అదే నంబరు, 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలో 194. నంబరు మారినా పని ఒకటే. అసహజ మరణం జరిగిందని కబురు అందగానే ఠాణా అధికారి అక్కడికి వెళ్లాలి. ఇరుగుపొరుగున ఉన్న పెద్దమనుషులు ఇద్దరిని, లేదా అంతకంటే ఎక్కువమందిని పిలిచి, వాళ్ల సమక్షంలో శవాన్ని పరిశీలించి, గాయాలు నమోదుచేసి, మరణానికి పైకి కనిపించే కారణం రాసి, వాళ్లచేత సంతకం చేయించాలి. అంటే చూడనివాళ్లను కూడా పిలిచి చూపించే చట్టమిది. మన వైపు వీళ్లను పంచాయతీదార్లంటారు. మనిషిని చివరిసారి ప్రాణాలతో చూసింది ఎవరు, శవాన్ని మొదట చూసింది ఎవరు అని ఆ నివేదికలో విడివిడిగా గడులుంటాయి. చూసినవాళ్ల పేర్లను ఇంత శ్రద్ధగా రాసుకున్న ప్రభుత్వ పత్రం మరొకటి కనిపించదు. పేరు రాసుకున్న తర్వాత వాళ్లతో దానికి పని ఉండదు.

చూసినవాళ్లు ఠాణాకు భయపడటానికి కారణం కూడా ఉంది. ఆత్మహత్యాయత్నం చాలాకాలం నేరం. ఐపీసీ 309వ సెక్షన్. దాన్ని సమర్థిస్తూ ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 1980ల చివర్లో చెన్నా జగదీశ్వర్ కేసులో తీర్పు ఇచ్చింది. 1994లో సుప్రీంకోర్టు ఆ సెక్షన్ చెల్లదంది, 1996లో జ్ఞాన్‌కౌర్ కేసులో రాజ్యాంగ ధర్మాసనం మళ్లీ చెల్లుతుందంది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం వచ్చాకే, ప్రయత్నించి బతికిన మనిషి తీవ్రమైన మానసిక ఒత్తిడిలో ఉన్నట్టు భావించాలి, శిక్షించరాదు అన్న నియమం వచ్చింది. ఇదంతా చేసుకున్న మనిషి గురించి. పక్కనున్న మనిషి మీద మాత్రం ప్రేరేపణ నేరం వేలాడుతూనే ఉంది. ఎదుటే జరిగిందని చెబితే నువ్వెందుకు ఆపలేదన్న ప్రశ్న వస్తుంది, ఆ ప్రశ్న వెనుక కేసు వస్తుందన్న బెరుకు పల్లెల్లో ఇప్పటికీ ఉంది. ఇందులో కొంత చారిత్రక వారసత్వమూ ఉండవచ్చు. 1829లో బెంగాల్‌లోనూ, మరుసటి ఏడు మద్రాసులోనూ సహగమనాన్ని నిషేధించిన రెగ్యులేషన్లు ప్రధానంగా శిక్షించింది చుట్టూ చేరి సాయపడ్డవాళ్లనే. జనం ఎదుట జరిగిన చావులో జనం నేరస్తులు కావచ్చని మన చట్టం తొలిసారి గట్టిగా చెప్పింది అక్కడే.

భద్రాచలం ఈ చట్టాల కిందికి వచ్చిన తీరు కూడా తిన్నగా లేదు. గోదావరి ఎడమ ఒడ్డున ఉన్న ఈ తాలూకాలను 1860లో నిజాం ఇంగ్లీషువాళ్లకు వదులుకున్నాడు. కొన్నేళ్లు మధ్యపరగణాల్లోని ఎగువ గోదావరి జిల్లాలో ఉండి, 1874లో మద్రాసు ప్రెసిడెన్సీకి మారాయి. 1953లో వరంగల్ నుంచి విడిపోయి ఖమ్మం జిల్లా ఏర్పడింది; భద్రాచలం, నూగూరు తాలూకాలు అందులో కలిసింది 1959లో. 2014లో పోలవరం ప్రాజెక్టు పేరిట కూనవరం, చింతూరు సహా ఏడు మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు పోయాయి, భద్రాచలం పట్నం తెలంగాణలో మిగిలింది. 2016లో భద్రాద్రి కొత్తగూడెం విడి జిల్లా అయింది. ఒకే గూడెం చావుపుట్టుకల లెక్క నూటయాభై ఏళ్లలో ఇన్ని కచేరీలు తిరిగింది. ఈ ప్రాంతపు అంకెలను వరసగా పేర్చి పోలుస్తామనేవాళ్లు ముందు ఈ సరిహద్దుల కథ చదవాలి.

పాత కాలపు చావు ఎంతమంది ఎదుట జరిగేదో తెలుసుకోవాలంటే దుమ్ముగూడెం వెళ్లాలి. అక్కడి మిషన్‌లో ఉన్న రెవరెండ్ జాన్ కెయిన్ భద్రాచలం, రేకపల్లి తాలూకాల మీద 1870ల నుంచి 'ఇండియన్ యాంటిక్వరీ'లో రాశాడు. థర్‌స్టన్ తన కులాల గ్రంథంలో కోయల గురించి రాసినదాంట్లో మంచి భాగం ఆయన దగ్గర తీసుకున్నదే. చనిపోయిన మనిషి చేతిలో ఆవు తోక పెట్టే ఆచారం, అకాల మరణం వెనుక చేతబడి ఉందేమోనన్న అనుమానం ఇవన్నీ కెయిన్ గమనించినవే. ఆయన చూపు క్రైస్తవ ప్రచారకుడి చూపు, అది గుర్తుంచుకునే చదవాలి. కాని ఆ వర్ణనల్లో చావు ఎప్పుడూ ఒక్కింటి వ్యవహారంగా కనిపించదు.

ఇక ఇరవయ్యో శతాబ్దానికి వద్దాం. 1969 జనవరిలో తెలంగాణ ఉద్యమం రాజుకున్నది ఈ జిల్లాలోనే. పాల్వంచలోని కొత్తగూడెం థర్మల్ కేంద్రంలో ఉద్యోగాలు స్థానికులకు దక్కడం లేదన్న అసంతృప్తి కారణంగా మొదలైంది. ఖమ్మంలో అన్నాబత్తుల రవీంద్రనాథ్ అనే విద్యార్థి 1956 నాటి పెద్దమనుషుల ఒప్పందాన్ని అమలు చేయాలంటూ నిరాహార దీక్షకు కూర్చున్నాడు. జనవరి 19న అఖిలపక్ష ఒప్పందం కుదిరినా ఉద్యమం ఆగలేదు. ఆ ఏడాది పోలీసు కాల్పుల్లో పోయినవాళ్లు 369 మంది అని ఉద్యమకారులు చెబుతారు. హైదరాబాద్ గన్‌పార్క్‌లో ఎక్కా యాదగిరిరావు మలచిన స్తూపం వాళ్లదే. అప్పటి చావులను చూసింది ఆ వీధిలో ఉన్నవాళ్లు. తూటా ఎటునుంచి వచ్చిందో కూడా వాళ్లకు తెలుసు. చూసినవాళ్ల కోపానికి ఒక దిక్కు ఉంది.

నలభై ఏళ్ల తర్వాత అదే ఖమ్మం మళ్లీ వార్తల్లోకి వచ్చింది. 2009 నవంబర్ 29న ప్రత్యేక తెలంగాణ కోసం సిద్దిపేట దీక్షకు బయలుదేరిన కె. చంద్రశేఖరరావును కరీంనగర్ శివార్లలోని అలుగునూరు దగ్గర అరెస్టు చేసి ఖమ్మం తీసుకొచ్చారు. జైల్లోనే దీక్ష మొదలైంది. ఆస్పత్రికి మార్చారు. డిసెంబర్ 3న హైదరాబాద్ నిమ్స్‌కు తరలించేదాకా తెలుగు న్యూస్ చానళ్ల కెమెరాలన్నీ ఖమ్మం మీదే ఉన్నాయి. నాయకుడు చావడమో రాష్ట్రం రావడమో తేలాలన్నది ఆ దీక్ష నినాదం. అరెస్టు జరిగిన రోజునే హైదరాబాద్ ఎల్బీనగర్ చౌరస్తాలో కాసోజు శ్రీకాంతాచారి ఆత్మాహుతికి పాల్పడ్డాడు; డిసెంబర్ 3న మరణించాడు. అది టీవీలో కనిపించింది, మళ్లీ మళ్లీ కనిపించింది. 2010 ఫిబ్రవరిలో ఉస్మానియా క్యాంపస్ దగ్గర పోలీసులు, విలేకరులు ఉండగానే మరో యువకుడు అదే తీరున పోయాడు. 2014 జూన్ 2 దాకా ఉద్యమకాలంలో బలవన్మరణాలు 1,200 అని ఉద్యమ సంఘాల లెక్క. కొత్త రాష్ట్ర ప్రభుత్వం తాను గుర్తించిన కుటుంబాలకు 10 లక్షల రూపాయల చొప్పున ఇచ్చింది.

ఈ మరణాల మీద రాజకీయ చర్చ చాలానే జరిగింది, ఇక్కడ దాన్ని మళ్లీ ఎత్తుకోను. ప్రజారోగ్య చరిత్ర దృష్టితో చూస్తే 2009లో మారింది చూపరి స్థానం. ఎదుట ఉన్నవాళ్లంటే చౌరస్తాలోని వందమందే కారు, ఖమ్మంలో, ఇల్లెందులో, మణుగూరులో టీవీ ముందు కూర్చున్న పిల్లలు కూడా. ఆక్స్‌ఫర్డ్ సమాజశాస్త్రవేత్త మైకేల్ బిగ్స్ 1963 నుంచి 2002 దాకా ప్రపంచమంతటా నిరసనగా జరిగిన ఆత్మాహుతులను పత్రికల నుంచి ఏరి, 533 ఘటనలను పరిశీలించాడు. వాటి తొలి నమూనా 1963 జూన్‌లో సైగాన్ బౌద్ధ భిక్షువు. ఆ చావును ప్రపంచానికి చేరవేసింది మాల్కం బ్రౌన్ తీసిన ఫొటో. తర్వాతి గుంపుల్లో వియత్నాం, దక్షిణ కొరియాల సరసన మన దేశం ముందు వరసలో కనిపిస్తుంది. చూసేవాళ్లు ఉంటారన్నది ఈ చర్యలో అనుకోకుండా వచ్చిన అంశం కాదు. చర్యే వాళ్ల కోసం.

అందువల్లే పత్రికల బాధ్యత గురించిన పరిశోధన ఇక్కడ పనికొస్తుంది. ఒక ఆత్మహత్య వార్త మొదటి పేజీలో వస్తే తర్వాతి వారాల్లో అంకె పెరుగుతుందని డేవిడ్ ఫిలిప్స్ 1974లోనే చూపించాడు. వియన్నాలో ఎదురు దిశలో రుజువు దొరికింది. అక్కడి మెట్రో రైళ్ల దగ్గర మరణాలు 1980ల మధ్యలో పెరుగుతూ పోయాయి, పత్రికలు ఒక్కోదాన్నీ ఆర్భాటంగా రాసేవి. 1987 మధ్యలో ఎట్జర్స్‌డోర్ఫర్, సోనెక్ తదితరులు పత్రికలవాళ్లతో మాట్లాడి, వివరాలు తగ్గించమని మార్గదర్శకాలు ఇచ్చారు. ఆ ఏడు రెండో అర్ధభాగంలో మెట్రో మరణాలు, ప్రయత్నాలు కలిపి 80 శాతానికి పైగా తగ్గాయి. మన ప్రెస్ కౌన్సిల్ ఈ తరహా నిబంధనలను 2019లో స్వీకరించింది. తెలంగాణ పత్రికలకు అవి పదేళ్లు ఆలస్యంగా అందాయన్నమాట.

ఆ ఏడాదే ఖమ్మం మళ్లీ అలాంటి ఘటన చూసింది. 2019 అక్టోబర్ 5న మొదలైన ఆర్టీసీ సమ్మెలో దాదాపు 48,000 మంది కార్మికులున్నారు. విధుల్లో చేరనివాళ్లు ఉద్యోగం తమంతట తామే వదులుకున్నట్టేనని ప్రభుత్వం ప్రకటించింది. అక్టోబర్ 12న ఖమ్మం డిపో డ్రైవర్ ఒకరు తన ఇంటి దగ్గర, కుటుంబం ఎదుటే ఆత్మాహుతికి ప్రయత్నించి, మర్నాడు హైదరాబాద్‌లో కన్నుమూశాడు. ఆ నెలాఖరుకు ఖమ్మంలోనే ఒక మహిళా కండక్టర్ మరణం. డిపోల ముందు ఆందోళనలు, 19న రాష్ట్ర బంద్. ఆ రోజుల చర్చంతా ఎవరు బాధ్యులన్నదాని చుట్టూనే తిరిగింది. మంటలు ఆర్పడానికి చేతులు చాచిన ఇంటివాళ్లు ఆ వార్తల్లో ఒక్క వాక్యంలో కనిపించి మాయమయ్యారు.

ఇలాంటి ఇంటివాళ్ల గురించి శాస్త్రం ఏమంటుంది? చాలాకాలం ఏమీ అనలేదు. దుర్క్‌హైమ్ 1897 గ్రంథం చచ్చినవాళ్ల దామాషాల గురించి. 1950ల చివర్లో లాస్ ఏంజెలిస్‌లో లిట్‌మన్, ఫార్బెరో, ష్నైడ్‌మన్ 'మానసిక శవపరీక్ష' అనే పద్ధతి మొదలుపెట్టినప్పుడు కూడా బంధువులను కూర్చోబెట్టి అడిగింది పోయిన మనిషి మనసు గురించే. బతికున్నవాళ్లకు కూడా వైద్యం కావాలన్న ఆలోచనకు ష్నైడ్‌మనే ఒక పేరు పెట్టాడు. ఒక్కో ఆత్మహత్య కనీసం ఆరుగురిని గాయపరుస్తుందని అతని అంచనా. ఆధారం బలమైనది కాకపోయినా ఆ ఆరు చాలా ఏళ్లు పుస్తకాల్లో తిరిగింది. జూలీ సెరెల్, ఆమె సహ పరిశోధకులు దాన్ని 2018లో సర్వేతో పరీక్షించి, ఒక్కో మరణపు సెగ తగిలేవాళ్లు దాదాపు 135 మంది అన్నారు. ఒక కోయ గూడెం జనాభాకు ఇది అటూ ఇటూగా సరిపోతుంది.

కళ్ల ఎదుట జరిగిన మరణాల మీద ప్రత్యేకంగా పని చేసినవాళ్లు మరీ తక్కువ. మెక్‌డవెల్, రోత్‌బెర్గ్, కోషెస్ 1994లో అమెరికా సైనిక దళాల్లోని కేసులు తీసుకొని, సాక్షుల ఎదుట జరిగిన ఆత్మహత్యలను విడి అంశంగా చర్చించారు. లండన్ భూగర్భ రైళ్ల డ్రైవర్లపై ఫార్మర్, ట్రానా, ఓడొనెల్, కాటలాన్ చేసిన పరిశోధన 1992లో వచ్చింది. అలాంటి ఘటన ఎదురైన 76 మంది డ్రైవర్లను పరీక్షిస్తే, వాళ్లలో 17 శాతం మందికి ఆ దృశ్యం వెంటాడే తీవ్ర మానసిక రుగ్మత కనిపించింది. కుంగుబాటు, భయాలు వీటికి అదనం. కాజీపేట నుంచి డోర్నకల్, ఖమ్మం, మధిర మీదుగా విజయవాడ పోయే లైన్లో ఇంజిన్ నడిపే లోకో పైలట్లకు ఈ ఫలితం ఎవరూ వివరించనక్కర్లేదు. బ్రిటన్‌లో పిట్‌మన్ బృందం 2016లో 3,432 మంది యువతీయువకుల మీద వెలువరించిన ఫలితం ఇంకా ముఖ్యం. ఆత్మీయులను ఆత్మహత్యకు పోగొట్టుకున్నవాళ్లు తామూ ప్రయత్నించే అవకాశం, సహజ మరణంతో పోగొట్టుకున్నవాళ్లకంటే 65 శాతం ఎక్కువ. మద్రాసులో లక్ష్మీ విజయకుమార్, రాజ్‌కుమార్ 1999లో ప్రచురించిన అధ్యయనంలోనూ కుటుంబంలో అంతకుముందు జరిగిన ఆత్మహత్య ఒక ప్రమాద కారణంగా తేలింది.

అమెరికా మానసిక వైద్యుల వర్గీకరణ గ్రంథం 2013 కూర్పులో ఒక నియమం ఉంది. ఘోరాన్ని స్వయంగా చూసినవాడు, దృశ్యం వెంటాడే ఆ రుగ్మత నిర్ధారణకు అర్హుడు. టీవీలోనో ఫోన్‌లోనో చూసినవాడు కాడు, అది అతని ఉద్యోగంలో భాగమైతే తప్ప. ఈ లెక్కన 2009 నాటి ఫుటేజీని కత్తిరించిన వీడియో ఎడిటర్ అర్హుడు, దాన్ని ఇంట్లో పదిసార్లు చూసిన ఇంటర్ విద్యార్థి కాడు. వైద్యులకు ఇలాంటి గీత అవసరమే కావచ్చు. చరిత్ర రాసేవాడికి మాత్రం ఆ విద్యార్థిని వదిలేయడం కుదరదు.

పొలాల వైపు కథ వేరు. 1997-98లో వరంగల్ చుట్టుపక్కల పత్తి రైతుల మరణాల తర్వాత, 2004లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జీవో 421తో లక్షన్నర పరిహారం ప్రకటించింది. రెవెన్యూ డివిజనల్ అధికారి, డీఎస్పీ, వ్యవసాయాధికారి కలిసిన త్రిసభ్య సంఘం నిజానిజాలు తేల్చాలి. పరిహారాన్ని తెలంగాణ 2015లో 6 లక్షలు చేసింది. ఇక్కడ చూసినవాళ్ల మాట మళ్లీ రుజువుగా మారింది: నిజంగా అప్పుతోనేనా, నిజంగా పొలం గొడవేనా. దుఃఖంలో ఉన్న భార్య పాసుపుస్తకం, అప్పు కాగితాలు చేతపట్టుకొని అదే కథను అధికారి తర్వాత అధికారికి చెప్పుకోవాలి. 2018 ఆగస్టులో వచ్చిన రైతుబీమా, మరణం ఏ తీరుదైనా 5 లక్షలు ఇస్తుంది కాబట్టి పట్టా ఉన్నవాళ్లకు ఈ బాధ తప్పించింది. అది మానసిక ఆరోగ్య పథకం కాకపోయినా ఆ కుటుంబాలకు చేసిన మేలు పెద్దది. కౌలుదార్లకు, పట్టా లేని పోడు రైతులకు పాత దారే మిగిలింది.

జాతీయ నేర గణాంకాల సంస్థ ఏటా వేసే పట్టికల్లో కారణం, వృత్తి, చదువు, పెళ్లి వివరాలుంటాయి. 2022కి తెలంగాణ అంకె 9,980. ఎవరి ఎదుట జరిగిందన్న గడి అందులో లేదు. పోలీసు లెక్కకు పక్కగా పది లక్షలకు పైగా ఇళ్లలో అడిగి తేల్చిన అధ్యయనాన్ని విక్రమ్ పటేల్ బృందం 2012లో 'లాన్సెట్'లో ప్రచురించింది. దక్షిణాదిలో పదిహేనేళ్ల అబ్బాయి ఎనభై ఏళ్లలోపు ఆత్మహత్యతో పోయే అవకాశం 3.5 శాతమని అందులో అంచనా.

ఠాణా, కచేరీ దాటి ప్రశ్న అడిగిన ప్రయత్నం ఒకటి అశ్వారావుపేట అవతల, పశ్చిమ గోదావరి ఏజెన్సీలో జరిగింది. పల్లబ్ మౌలిక్ నాయకత్వంలో జార్జ్ ఇన్‌స్టిట్యూట్ 30 గిరిజన గ్రామాల్లో ఆశా కార్యకర్తల చేతికి ట్యాబ్లెట్లు ఇచ్చింది. వాళ్లు ఇంటింటికీ వెళ్లి కుంగుబాటు, ఆందోళన, ఆత్మహత్య ఆలోచనల గురించి తెలుగులో అడిగారు. అవసరమైనవాళ్లను పీహెచ్‌సీ డాక్టర్ దగ్గరికి పంపారు. అవసరమున్నవాళ్లలో వైద్యం కోసం వెళ్లినవాళ్లు మొదట 0.8 శాతం, చివరికి 12.6 శాతం. చిన్న అంకెలే అనిపిస్తాయి. కాని మావోయిస్టులకు వ్యతిరేకంగా సాగిన సల్వాజుడుం సాయుధ ఉద్యమం మొదలైన 2005 నుంచి బస్తర్ విడిచి ఖమ్మం అడవుల్లో గుడిసెలు వేసుకున్న గుత్తికోయల వంటివాళ్లకు, కళ్లారా చూసిన చావుల గురించి మొదటిసారి అడిగే మనిషి ఠాణా నుంచి కాక సబ్‌సెంటర్ నుంచి రావడం ఎంత తేడాయో ఈ సరిహద్దు తెలిసినవాళ్లు ఊహించగలరు. 2022 అక్టోబర్ నుంచి నడుస్తున్న టెలి మానస్ నంబరు 14416 చనిపోవాలనిపించే మనిషికే కాదు, అలాంటిది చూసి నిద్రపట్టని మనిషికి కూడా తెలుగులోనే పలుకుతుంది. సిగ్నల్ ఉన్నచోట.

చట్టం మాత్రం ఇంకో మలుపు తీసుకుంది. 2024 జులై 1న ఐపీసీతో పాటు 309 కూడా పోయింది. దాని స్థానంలో భారతీయ న్యాయ సంహిత 226వ సెక్షన్ వచ్చింది: ప్రభుత్వోద్యోగి తన విధి చేసేలా, లేదా చేయకుండా ఒత్తిడి తేవడానికి ఆత్మహత్యకు ప్రయత్నిస్తే ఏడాది దాకా సాధారణ జైలు, లేదా జరిమానా, లేదా రెండూ, కాకపోతే సమాజ సేవ. ఏకాంతంలో చేసిన ప్రయత్నం ఆ సంహితలో నేరం కాదు. అధికారిని కదిలించడానికి చేసినది నేరం. ప్రజావాణి జరిగే సోమవారాల్లో కలెక్టరేట్ గేటు దగ్గర పోలీసులు అర్జీదార్ల సంచులు వెతకడం తెలంగాణ జిల్లాల్లో మామూలైపోయింది. అక్కడ కేసు అంటూ పెడితే బల్లకు ఇవతల కూర్చున్న అధికారే మొదటి సాక్షి అవుతాడు, లైన్లో వెనక నిలబడ్డ అర్జీదార్లు తర్వాతి సాక్షులవుతారు. వాళ్ల వాంగ్మూలాలు తీసుకునేది ఎస్సై.